మృత్యుద్వారమునుండి మరలినవారి సాక్ష్యము

గుండె నిలిచి, ఊపిరి ఆగి, ఇక లేడని తలంపబడినవాడు వైద్యుల ప్రయత్నముచేత మరల కన్ను తెఱచి, తాను గొప్ప వెలుగును చూచితిననియు, గతించిన బంధువులను కలిసికొంటిననియు, తన శరీరమును తానే పైనుండి పరికించితిననియు చెప్పినచో, ఆ మాటలకు మన మేమి విలువ నీయవలెను? ప్రాణము పోవువేళ మెదడు పన్నిన భ్రాంతి తప్ప మఱేమియు కాదని ఒక పక్షమువారు తీర్మానించుచున్నారు. పరలోకమునకు ప్రత్యక్షసాక్ష్య మిదియేయని రెండవ పక్షమువారు ఘోషించుచున్నారు. ఉభయులును సాక్షి చెప్పినదానికంటె ఎక్కువ చెప్పుచున్నారని మా యభిప్రాయము.

ఈ వృత్తాంతములు నేటివి కావు. స్విట్జర్లండు దేశపు భూగర్భశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హైమ్ 1871లో ఆల్ప్స్ కొండలలో జాఱిపడి బ్రతికి, తనవలె పడి బ్రతికినవారి అనుభవములను సేకరించి 1892లో ప్రకటించెను. 1975లో అమెరికాదేశీయుడగు రేమండ్ మూడీ వ్రాసిన గ్రంథముతో ఈ చర్చ లోకవ్యాప్తమయ్యెను. హాలెండు దేశమున హృద్రోగవైద్యుడు పిమ్ వాన్ లోమెల్ పది వైద్యశాలలలో గుండె నిలిచి మరల బ్రతికింపబడిన 344 మందిని విచారింపగా, వారిలో 62 మంది, అనగా నూటికి 18 మంది, ఇట్టి అనుభవము కలిగినదని చెప్పిరి. ఆ పరిశోధన 2001లో వెలువడినది. కావున దీనిని కట్టుకథయని త్రోసివేయుటకు వీలులేదు. అనుభవము కలిగిన మాట నిజము; దాని అర్థ మేమన్నదే ప్రశ్న.

మెదడు పక్షమువారి వాదమునకు బలము లేకపోలేదు. ఓలాఫ్ బ్లాంక్ మున్నగు స్విస్ వైద్యులు ఒక మూర్ఛరోగి మెదడు కుడిభాగమున ఒకానొక చోట విద్యుత్తు సోకించినప్పుడు, తన్ను తాను పైనుండి చూచుకొనుచున్నట్లు ఆ రోగి చెప్పినదని 2002లో ప్రకటించిరి. యుద్ధవిమానములు నడుపువారికి వేగోద్ధృతిచే తలకు రక్తము చాలనప్పుడు చూపు అంచులనుండి చీకటి క్రమ్మి సొరంగమువలె తోచుట వైద్యు లెఱిగిన విషయమే. మిచిగన్ విశ్వవిద్యాలయమున జీమో బోర్జిగిన్ బృందమువారు 2013లో ప్రకటించిన పరీక్షలలో, గుండె నిలిచిన ఎలుకల మెదడులందు గామా తరంగములు ఒక్కమాఱుగ విజృంభించెను. 2023లో వారు ప్రకటించిన నలుగురు మరణోన్ముఖుల వృత్తాంతములలో ఇద్దఱియందు అట్లే జరిగెను. ఆరిపోవు దీపము భగ్గుమనుట వంటి దిది. కాని ఆ యిద్దఱును మరణించిరి గనుక, వారేమి చూచిరో చెప్పువారు లేరు.

ఇంతకంటె బలమైన యుక్తి మన దేశమునుండియే లభించుచున్నది. బెంగుళూరు మానసికవైద్యసంస్థలో పనిచేసిన సత్వంత్ పస్రిచా, అమెరికా వైద్యుడు ఇయాన్ స్టీవెన్సన్ అను నిరువురు 1986లో పదునాఱు భారతీయ వృత్తాంతములను ప్రకటించిరి. పాశ్చాత్యులు సొరంగమును, వెలుగును చెప్పగా, మనవారు తమ్ము కొనిపోవ వచ్చిన దూతలను, లెక్కలపుస్తకము ముందిడుకొని కూర్చున్న పురుషుని, ఒకరికి బదులు వేఱొకరిని పొరపాటున తెచ్చితిరని చెప్పి మరల పంపివేయుటను వర్ణించిరి. మన పల్లెపెద్దలు చెప్పు కథలు సరిగా ఇట్టివే. పరలోక మొక్కటియే యైనచో, అచటి ద్వారపాలకులు దేశమున కొక వేషము ధరింపనేల? చిత్రమునకు రంగులు చూచువాని మనోభాండారమునుండియే వచ్చుచున్నవని అంగీకరింపక తప్పదు.

అంతమాత్రమున ‘భ్రాంతి’ యన్న ఒక్కమాటతో వ్యవహారము ముగియదు. త్రాటిని పామనుకొన్నవాడు దీపము రాగానే తన తప్పు తెలిసికొనును. కలగన్నవాడు మేల్కొనగానే అది కలయని యెఱుగును. తరువాతి జ్ఞానము చేత బాధింపబడునదే భ్రమయని మన తార్కికులు చెప్పిరి. వీరి అనుభవమో, మెలకువ వచ్చిన పిమ్మటను వారికి బాధింపబడుట లేదు. లోమెల్ రెండేండ్లకును, ఎనిమిదేండ్లకును మరల విచారించినప్పుడు, అట్టివారిలో మృత్యుభయము తగ్గియుండెను. మఱియు మెదడులో కదలిక కలదన్నంతనే చూచినది అసత్యము కాదు; ఎదుటి దీపమును చూచునప్పుడును మెదడు కదలుచునే యుండును. ఆ 344 మంది మెదడులకును రక్తము ఆగెను గదా, 62 మందికే ఈ అనుభవ మేల కలిగెను? దీనికి తృప్తికరమగు సమాధానము ఇంకను రావలసియే యున్నది.

అయితే పరలోకపక్షమువారు తమ వాదమును నెగ్గించుకొనుటకు ఒక పరీక్ష కలదు. పైనుండి చూచితినన్నవాడు, కన్నులకు కానరానిదానిని చూచి చెప్పవలెను. సామ్ పార్నియా అను వైద్యుని నాయకత్వమున ఇట్టి పరీక్ష జరిగినది. 2014లో వెలువడిన మొదటి విచారణలో, పైనుండి మాత్రమే కనబడు చిత్రములను ఎత్తైన పలకలపై నుంచిరి. కాని చూచితిమని వివరముగా చెప్పిన ఇద్దఱికిని గుండె నిలిచినది పలకలు లేని చోటులందే. 2023లో వెలువడిన రెండవ విచారణలో 567 మంది రోగులకుగాను 53 మంది బ్రతికి బయటపడిరి. ప్రశ్నింపబడినవారు 28 మంది. చిత్రమును ఒక్కరును చెప్పలేకపోయిరి. చెవులకు వినిపించిన మాటలను మాత్రము ఒకరు గుర్తించిరి. రొమ్మునొక్కుచు ప్రయత్నము సాగుచుండగా, 35 మొదలు 60 నిమిషములవరకును కొందఱి మెదడులందు తెలివిని సూచించు తరంగములు మరల పొడకట్టెను.

నాస్తికుడని పేరొందిన ఆంగ్లతత్త్వవేత్త ఏ. జె. అయర్‌కు 1988లో నాలుగు నిమిషములపాటు గుండె నిలిచెను. తీవ్రమైన ఎఱ్ఱని వెలుగును చూచితినని ఆయనయే వ్రాసెను. గుండె ఆగినను మెదడు పనిచేయుచుండుటయే దీనికి మిక్కిలి సంభావ్యమగు కారణమనియు వ్రాసెను. మా నిర్ణయమును ఇదియే. మరలివచ్చినవారు మృత్యుద్వారమును తాకినవారే కాని దాటినవారు కారు. వారి సాక్ష్యము మరణించుటను గూర్చినది. మరణానంతరమును గూర్చినది కాదు. ఆత్మ నిత్యమని నమ్మువారు తమ విశ్వాసమును వైద్యశాల పలకపై నిలుపనక్కఱలేదు. నమ్మనివారు గామాతరంగమును చూపి దానిని ఖండించితిమని విఱ్ఱవీగనక్కఱలేదు.

కాని ఈ సాక్ష్యము మనకు రెండు కర్తవ్యములను బోధించుచున్నది. గుండె నిలిచిన క్షణమే మరణము కాదు. నడుమ కొంత వ్యవధి కలదు. హఠాత్తుగా కుప్పకూలినవానిని నేలపై పరుండబెట్టుట మంచిదే. కాని వెంటనే నోట తులసితీర్థము పోసినచో ఊపిరికి అడ్డుపడును. ఊపిరి లేనివాని రొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 మార్లు బలముగా నొక్కుచు, 108కు కబురంపుట తక్షణకర్తవ్యము. 2005 నుండి తెలుగునాట ఆ సేవ కలదు. రొమ్మునొక్కు విద్య మాత్రము ఊరికి పదిమందికైనను రాదు. రెండవది: తెలివితప్పినవానికి వినికిడి మిగిలియుండవచ్చును. చెవిలో భగవన్నామము పలుకు మన పెద్దలు ఈ మర్మమును గ్రహించిరేమో! భూముల పంపకములను ఆ మంచముప్రక్కనే తర్కించు వారసులు మాత్రము, రోగి వినుచున్నాడేమోయని యొక్కమాఱు తలంపవలెను.