మన ప్రాజెక్టులు కూడా మనతోపాటే పాసవుట్ అయిపోవాలా?

ఏటా ఫైనలియర్ వాళ్లు చేసే ప్రాజెక్టుల లిస్టు చూడండి. మిర్చి ఆకు ఫోటో చూసి తెగులు చెప్పే ప్రాజెక్టు కనీసం ఒక్కటైనా ఉంటుంది. పెదకాకాని చుట్టూ మిర్చి వేసే ఊళ్లే కాబట్టి ఉండాలి కూడా. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు తోటల్ని ఏం చేసిందో గుంటూరు జిల్లాలో ఏ రైతునడిగినా చెబుతాడు. మరి, రెండేళ్ల కిందటి సీనియర్లు చేసిన ఆ ప్రాజెక్టుని ఈరోజు మనలో ఎవరైనా రన్ చేయగలమా? రిపోర్టు బైండింగ్ చేయించి లైబ్రరీలో పెట్టారు. కోడు గిట్‌హబ్‌లో ఉంది. కానీ అది నడిచింది ఒకే ఒక్క లాప్‌టాప్‌లో. ఆ లాప్‌టాప్ ఇప్పుడు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఎవరి హాస్టల్ రూములోనో ఉంటుంది. అందుకే ప్రతి బ్యాచ్ మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. డాకర్, కంటెయినర్లు మనం నేర్చుకోవాల్సింది రెజ్యూమెలో ఒక పదం పెరగడానికి కాదు. మన పని తర్వాతి బ్యాచ్ చేతికి నడిచే స్థితిలో అందాలి, అందుకు.

అసలు పాత ప్రాజెక్టు ఎందుకు నడవదు? కోడ్ మారలేదు, చుట్టూ ఉన్నవి మారాయి. పైథాన్ 2కి సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది. టెన్సర్‌ఫ్లో 2.0 వెర్షన్ 2019లో వచ్చాక పాత వెర్షన్‌కి రాసిన ప్రోగ్రాములు చాలావరకు అలాగే తెచ్చి పెడితే ఎర్రర్లే. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో లైబ్రరీల పేర్లు రాసి వెర్షన్లు రాయకపోతే, ఇన్‌స్టాల్ చేసిన రోజున ఏది కొత్తదైతే అది వచ్చి కూర్చుంటుంది. "నా సిస్టమ్‌లో నడిచింది సార్" అనే మాట వైవాలో మనందరం విన్నదే. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ సిస్టమ్‌ని ప్రాజెక్టుతోపాటు సబ్మిట్ చేయలేం, అదీ సమస్య.

కంటెయినర్ చేసేది సరిగ్గా ఆ పనే. కోడ్, దానికి కావాల్సిన లైబ్రరీలు, పైథాన్ వెర్షన్ అన్నీ కలిపి ఒక ఇమేజ్‌గా కట్టేస్తుంది. మన దగ్గర కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు పెడతారు కదా, అలా అనుకోండి. ఏ పొలంలో పండింది, ఎవరు కోశారు అన్నది స్టోరేజీ వాళ్లకి అక్కర్లేదు. టిక్కీ మీద గుర్తు ఉంటే చాలు, దింపుతారు, పేరుస్తారు, అడిగినప్పుడు తీసిస్తారు. అలాగే సర్వర్‌కి కూడా లోపల పైథాన్ ఉందా జావా ఉందా అన్నది అనవసరం.

ఇదేదో మాయ కాదు. కంటెయినర్ అంటే వర్చువల్ మెషిన్ కాదు, దానికి సొంత కెర్నల్ ఉండదు. కింద ఉన్న లైనక్స్ కెర్నల్‌నే అన్ని కంటెయినర్లూ పంచుకుంటాయి. నేమ్‌స్పేసులు ఒక్కో ప్రాసెస్‌కి తన ఫైళ్లు, తన నెట్‌వర్క్ మాత్రమే కనపడేలా గోడ కడతాయి. సీగ్రూపులు ఎవరెంత మెమరీ వాడుకోవాలో లెక్క పెడతాయి. సీగ్రూపుల పని గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలుపెట్టారు, 2008లో అది లైనక్స్ కెర్నల్లోకి వచ్చింది. డాకర్ వచ్చింది 2013లో. అప్పటికే ఉన్నవాటిని మనలాంటి వాళ్లు ఒక్క కమాండ్‌తో వాడుకునేలా చేయడం దాని గొప్పతనం. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో ప్రాసెస్, మెమరీ అని చదివి మర్చిపోయింది ఇక్కడ పనికొస్తుంది.

ఇక అసలు గొడవ. మనకి జరిగే రెండు రోజుల వర్క్‌షాపుల్లో "డాకర్ రన్" కొట్టిస్తారు, బ్రౌజర్‌లో వెల్కం పేజీ వస్తుంది, అందరం స్క్రీన్‌షాట్ తీసుకుంటాం, సాయంత్రానికి సర్టిఫికెట్. రన్ చేయడం వచ్చింది సరే, మేనేజ్ చేయడం ఎప్పుడు? కంటెయినర్‌ని తీసేస్తే దాని లోపల రాసుకున్న డేటా కూడా పోతుంది, అందుకే డేటాబేస్‌ని వాల్యూమ్‌లో పెట్టాలి. మెమరీ లిమిట్ దాటితే కెర్నల్ ప్రాసెస్‌ని చంపేస్తుంది, మనకి 137 అనే ఎగ్జిట్ కోడ్ మాత్రం మిగులుతుంది. బేస్ ఇమేజ్‌కి వెర్షన్ నంబరు ఇవ్వకుండా "లేటెస్ట్" అని వదిలేస్తే, వచ్చే ఏడు మళ్లీ పాత కథే. ఇవి స్లైడ్లలో చూస్తే రావు. ఒక అప్లికేషన్‌ని కనీసం ఒక సెమిస్టర్ పాటు ఎవరో ఒకరు నిజంగా వాడుతుండగా నడిపితే వస్తాయి.

"మరి కుబర్నెటీస్ సంగతేంటి, కంపెనీలన్నీ అదే అడుగుతున్నాయి కదా" అంటారు. అడుగుతున్నాయి, నిజమే. కానీ అది ఏ అవసరం కోసం పుట్టిందో చూడండి. 2014లో గూగుల్ దాన్ని బయటపెట్టిన ఏడాది, తాము వారానికి 200 కోట్లకు పైగా కంటెయినర్లు స్టార్ట్ చేస్తున్నామని చెప్పింది. మన ప్రాజెక్టులో ఒక వెబ్ పేజీ, ఒక మోడల్, ఒక డేటాబేస్ ఉంటాయి. మూడింటికి డాకర్ కంపోజ్ ఫైలు ఒక్కటి చాలు. కుబర్నెటీస్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికేషన్ పరీక్షలో కూడా బిట్లు ఉండవు. రెండు గంటలపాటు టెర్మినల్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి. కంటెయినర్ ఎందుకు ఆగిపోయిందో లాగ్ చూసి చెప్పలేనివాళ్లకి అక్కడ బట్టీ పనిచేయదు.

మన ల్యాబుల గురించి నాకు తెలియక కాదు. సిస్టమ్స్ పాతవి, నెట్ అంతంతమాత్రం. పైగా లాగిన్ లేకుండా ఒకే ఐపీ నుంచి దింపుకునే ఇమేజీలకు డాకర్ హబ్ 2020 నుంచి పరిమితి పెట్టింది. ల్యాబంతా ఒకే కనెక్షన్ మీద ఉంటే సగం మందికి ఎర్రర్ వస్తుంది. దీనికి దారుంది. ఒక్కరు దింపి "డాకర్ సేవ్"తో ఫైలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే, మిగతావాళ్లు "డాకర్ లోడ్" చేసుకోవచ్చు. ఫుల్ పైథాన్ ఇమేజ్ 1 జీబీ దగ్గర ఉంటుంది, స్లిమ్ ఇమేజ్ అందులో చిన్న వంతే. తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లు డాకర్ డెస్క్‌టాప్ మానేసి నేరుగా లైనక్స్ మీద వాడుకుంటే బరువు చాలా తగ్గుతుంది.

కంటెయినర్‌లో పెట్టినంత మాత్రాన మోడల్ తెలివి పెరగదు. తప్పు తెగులు చెప్పే మోడల్, కంటెయినర్‌లో కూడా తప్పే చెబుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటోలతో ట్రైన్ చేసి మన చేలో వాడితే ఏమవుతుందన్నది వేరే పెద్ద చర్చ. కానీ పాతది నడిస్తేనే కదా జూనియర్ దాని తప్పు చూడగలిగేది, మన ఊళ్ల ఫోటోలు చేర్చి బాగుచేయగలిగేది! ఏటా మొదటి మూడు నెలలు ఇన్‌స్టలేషన్‌కే పోతుంటే రైతు దాకా వెళ్లేదెప్పుడు?

కాబట్టి డిపార్ట్‌మెంట్‌ని మనమే అడుగుదాం. ప్రతి ప్రాజెక్టుతో డాకర్‌ఫైలు, కంపోజ్ ఫైలు తప్పనిసరి చేయాలి. కట్టిన ఇమేజ్‌ని కూడా కాలేజీ సర్వర్లో దాచాలి, ఎందుకంటే డాకర్‌ఫైలు అడిగే ప్యాకేజీలు కొన్నేళ్లకి ఇంటర్నెట్‌లో దొరక్కపోవచ్చు. వైవా రోజు ప్రాజెక్టుని సీనియర్ కాకుండా, దాన్ని అంతకుముందు చూడని ఒక జూనియర్ కాలేజీ సిస్టమ్‌లో స్టార్ట్ చేయాలి. పది నిమిషాల్లో నడవకపోతే మార్కులు తగ్గించండి. ఆ రూలు మన బ్యాచ్‌తోనే మొదలైనా నాకు అభ్యంతరం లేదు.