పైనాపిల్ పెరట్లో పెట్టండి, పొలంలో వద్దు

సూర్యాపేట జిల్లా మోతెలో పైనాపిల్ కాస్తుందా అని ఎవరడిగినా కాస్తుందనే చెబుతాను. మా ఇంటి వెనక కాస్తోంది కూడా. రెండెకరాల చెల్క దున్ని వేద్దామా అంటే మాత్రం గట్టిగా వద్దంటాను. ఈ రెండు మాటలూ కలిపి చెప్పాల్సిన అవసరం ఇప్పుడు వచ్చింది కాబట్టి ఇది రాస్తున్నాను.

పత్తికి గులాబీ పురుగు, ఏరడానికి కూలీలు దొరక్క అవస్థ, మార్కెట్‌కు తీసుకుపోతే తేమ పేరుతో కోత. వీటితో విసిగిపోయిన రైతుల ఫోన్లలో పైనాపిల్ వీడియోలు తిరుగుతున్నాయి. ఎకరానికి లక్షలంట. పిలకలు వాళ్లే ఇస్తారంట, పండ్లు వాళ్లే కొంటారంట. ఒప్పంద కాగితాలు పట్టుకొని మా ఊరి వైపు కూడా మనుషులు వచ్చి పోయారు. ఈము కోళ్ల సంగతి మనమింకా మరిచిపోలేదు. కొంటామన్నవాళ్లు 2012 ప్రాంతంలో చేతులెత్తేస్తే, మేత పెట్టలేక, అమ్మలేక తెలుగు రైతులు ఎంత నలిగిపోయారో చూశాం. కొనేవాడు ఒక్కడే అయిన ఏ పంటకైనా ఆ ప్రమాదం ఉంటుంది.

అసలు పైనాపిల్ ఎక్కడ పంటగా నిలబడింది? కేరళలో ఎర్నాకుళం జిల్లా వాళక్కుళం పండుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ రబ్బరు తోటల్లో చెట్లు ఎదిగేలోపు సాళ్ల మధ్య మారిషస్ రకం వేస్తారు. ఏడాదికి ఇంచుమించు మూడు వేల మిల్లీమీటర్ల వాన. నేల ఆమ్ల గుణం ఉన్న ఎర్రమట్టి. మన తెలుగువాళ్లలో ఈ పంటలో చేయి తిరిగినవాళ్లు సీతంపేట ఏజెన్సీ సవరలు. ఒకప్పటి శ్రీకాకుళం, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. కొండ వాలులో జీడిమామిడి, పనస చెట్ల నీడల్లో వేస్తారు. వాన పడినా నీళ్లు నిలవవు. అంత అనువైన చోట, తరాలుగా పండిస్తున్నవాళ్లకే సీజన్‌లో పండు దళారి చెప్పిన ధరకు వదిలేయక తప్పడం లేదు. కోసిన పండు ఎక్కువ రోజులు ఆగదు, రసం తీసే పరిశ్రమ దగ్గర్లో లేదు. మరి సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద ఉన్న మనకు ఎవరు ఏ ధర ఇస్తారని ఈ ధైర్యం?

మన వాన ఎనిమిది వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు. పైనాపిల్‌కు హాయిగా ఉండేది 22 నుంచి 32 డిగ్రీల మధ్య. మన ఎండకు పండు ఒక పక్క మాడి, తెల్లబడి, లోపల మెత్తబడుతుంది. ఎకరానికి 17 వేలకు పైగా మొక్కలు పడతాయి. ఒక్కో పిలకకు వాళ్లు చెప్పే ధరతో గుణించి చూసుకోండి. నాటాక పండు చేతికి రావడానికి ఏడాదిన్నర దాకా పడుతుంది. అన్నాళ్లూ పెట్టుబడి మట్టిలోనే ఉంటుంది.

ఎండను పందిరి వేసి ఆపవచ్చు. బోరు నీళ్లను ఏం చేస్తాం? ఒకప్పటి నల్లగొండ జిల్లా నీళ్ల సంగతి దేశమంతటికీ తెలుసు. ఫ్లోరైడ్ గురించే అందరూ మాట్లాడతారు గానీ, ఈ నీళ్లలో క్షారం కూడా ఎక్కువే. కుండీకి బోరు నీళ్లు పోస్తే కొన్నాళ్లకు అంచు చుట్టూ తెల్లటి పొర కడుతుంది, గోటితో గీకితే సున్నంలా రాలుతుంది. అదే మట్టిలోనూ చేరుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. అప్పుడు నడిమి లేత ఆకులు పసుపెక్కి, చివరికి పాలిపోతాయి. పైనాపిల్ ఆమ్ల నేల మొక్క కాబట్టి ఈ జబ్బు దీనికి త్వరగా వస్తుంది.

దీనికి మందు మన ఎరువుల దుకాణంలోనే ఉంది. వరినారుకు, వేరుశనగకు కొట్టే అన్నభేదే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, పొద్దు వాలాక ఆకుల మీద పిచికారీ చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. బండ మీద పడకుండా చూసుకోవాలి, తుప్పు మరక పడితే పోదు. హవాయి దీవుల్లో మాంగనీసు ఎక్కువున్న నేలల్లో పైనాపిల్ తోటలు ఇలాగే పసుపెక్కి చచ్చిపోతుంటే, మాక్స్‌వెల్ జాన్సన్ అనే శాస్త్రవేత్త 1916లో ఇదే అన్నభేదిని ఆకుల మీద కొట్టించి తోటల్ని నిలబెట్టాడు. అంత పెద్ద పరిశ్రమను కాపాడిన మందు మా మోతె దుకాణంలో సంచిలో ఉంటుంది. అయితే పది మొక్కలకు కొట్టడం వేరు, పదిహేడు వేల మొక్కలకు నెలనెలా కొట్టడం వేరు. పొలంలో వద్దనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

పెరట్లో అయితే లెక్క మారిపోతుంది. నేను పెంచేవన్నీ ఖాళీ అయిన ఇరవై లీటర్ల పెయింట్ బకెట్లలోనే. అడుగున చిల్లులు, పైన ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు. బోరు నీళ్లు పోయను, మిషన్ భగీరథ నల్లా నీళ్లు పోస్తాను, వానాకాలంలో చూరు నీళ్లు పడతాను. ఎండాకాలంలో బకెట్లను వేపచెట్టు కిందికి జరుపుతాను. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వాన ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోరు. నడిగూడెం దగ్గర సాగర్ ఎడమ కాలువకే గండి పడింది. పైనాపిల్ వేళ్లు నీళ్లలో నానితే మొదలు కుళ్లి, నడిమి ఆకు లాగితే ఊడి చేతికొస్తుంది. బకెట్లు కాబట్టి ఎత్తి అరుగు మీద పెట్టుకున్నాం. పొలాన్ని ఎత్తి ఎక్కడ పెట్టగలం?

నీళ్ల కరువు ఉన్న ఇంటికి కూడా ఇది తగిన మొక్కే. చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటాయి, ఆ దారినే నీళ్లు పోగొట్టుకుంటాయి. పైనాపిల్ పగలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. రాత్రి తీసుకున్న గాలిని ఆమ్లంగా దాచుకొని, తెల్లారాక ఎండతో ఆహారం చేసుకుంటుంది. బ్రహ్మజెముడు బతికే పద్ధతి కూడా ఇదే. ఆకుల మొదట్లో చెంచాడు నీళ్లు నిలిచినా తాగుతుంది. వారంపాటు చుట్టాలింటికి పోయొచ్చినా చావదు.

పెంచడం తెలియక కాదు, పండు మీది కుచ్చు పారేయడం వల్లే చాలామందికి ఇది దక్కడం లేదు. సూర్యాపేటలో జ్యూస్ బండ్ల దగ్గర సాయంత్రానికి పైనాపిల్ కుచ్చులు కుప్ప పడతాయి. అడిగితే ఊరికే ఇస్తారు. పండు కండ లేకుండా మెలితిప్పి తీసిన కుచ్చు కావాలి. కండ అంటుకుని ఉంటే కుళ్లుతుంది, చీమలు పడతాయి. అడుగు ఆకులు నాలుగు వరసలు ఒలిస్తే మొదట్లో చిన్న చిన్న గోధుమరంగు బొడిపెలు కనబడతాయి. అవే వేళ్లు. రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి, గాయం మానాక నాటాలి. నాటిన నెలకు మెల్లగా లాగి చూడండి, కదలకపోతే పట్టుకున్నట్టే.

ముప్పై నలభై ఆకులు వచ్చాక పూతకు వస్తుంది. రాకపోతే ఒక ఉపాయం. బాగా మాగిన అరటిపండో, యాపిల్ ముక్కో మొక్క మధ్య పెట్టి, ప్లాస్టిక్ కవరు కప్పి నాలుగు రోజులు కడితే, ఆ పండు నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పూతను లేపుతుంది. పొగలో ఉండేది కూడా ఇదే. పోర్చుగల్ వాళ్ల అజోర్స్ దీవుల్లో పంతొమ్మిదో శతాబ్దంలో గాజు ఇళ్లలో పొగ చేరితే మొక్కలన్నీ ఒకేసారి పూతకు రావడం చూశాకే రైతులకు ఈ కిటుకు తెలిసింది. కార్బైడ్ ముక్క వేస్తే కూడా పూస్తుందని చెప్పేవాళ్లున్నారు. పిల్లలు తిరిగే ఇంట్లో కార్బైడ్ ఉండనే కూడదు. పండ్లు మాగబెట్టడానికి దాన్ని వాడటం చట్టం నిషేధించింది.

పూత వచ్చే రోజులు మాత్రం చూసి తీరాలి. ముందు నడిమి ఆకుల మొదళ్లు కుంకుమ రంగుకు తిరుగుతాయి. లోపలి నుంచి ఎర్రటి మొగ్గ లేస్తుంది. దాని మీద కింది వరస నుంచి పైకి, రోజుకు కొన్ని చొప్పున, ఊదారంగు పూలు విచ్చుకుంటాయి. గోరంత పూలు, ఒక్క రోజే ఉంటాయి. మనం పండు మీద చూసే ప్రతి కన్నూ ఒకప్పటి పువ్వే. నూటికి పైగా పూలు ఒక కాడకు కరుచుకొని ఒకే పండుగా మారతాయి. నేను అంగన్‌వాడీ టీచర్‌ను. ఆ రోజుల్లో బకెట్ కేంద్రానికి తీసుకుపోతాను. నాలుగేళ్ల పిల్లలు ఇవ్వాళ ఎన్ని పూసినయో వేలు పెట్టి లెక్కపెడతారు. అంకెలు నేర్పడానికి ఇంతకన్నా మంచి బోర్డు నాకు దొరకలేదు.

పూసిన ఐదారు నెలలకు పండు. మా ఊళ్లల్లో ఏ పండు చెట్టు పెట్టినా ముందు కోతుల గురించి ఆలోచించాలి. జామ, బొప్పాయి, మామిడి, ఏదీ మిగలనివ్వడం లేదు. పైనాపిల్‌ను కూడా వదలవు. కానీ ఇది మోకాలి ఎత్తు మొక్క. పాత వెదురు గంప బోర్లించి, కట్టెలకు తాడుతో బిగించి కడితే పండు దక్కుతుంది. ఎండ నుంచీ అదే గంప కాపాడుతుంది. జామచెట్టుకు గంప బోర్లించలేం కదా. పిండినల్లి మాత్రం ఆకుల సందుల్లో చేరుతుంది. పత్తి చేన్లలో చూసిందే. లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి కొడితే పోతుంది.

పండు చెట్టు మీదే పూర్తిగా పండనివ్వాలి. మామిడి, అరటిలాగా పైనాపిల్ కోశాక తియ్యబడదు. కోసిన రోజున ఎంత తీపి ఉందో అంతే. దూరపు తోటల నుంచి లారీల్లో రావాలి కాబట్టి పచ్చిగా ఉండగానే కోస్తారు. దారిలో రంగు తిరుగుతుంది, తీపి పెరగదు. అందుకే బజారు పండుకు ఉప్పూకారం చల్లుకోవాల్సి వస్తోంది. పెరటి పండు చిన్నది, కిలో కూడా తూగకపోవచ్చు. కానీ వంటింట్లో కోస్తే వాకిట్లో ఉన్నవాళ్లకు వాసన తెలుస్తుంది. ఈ ఒక్క తేడా కోసమైనా ప్రతి ఇంట్లో ఒక మొక్క ఉండాలని నా కోరిక.

కేంద్రానికి వచ్చే అత్తలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. “కోడలు కడుపుతోటున్నది, పైనాపిలు పెట్టొచ్చునా టీచరమ్మా?” పండిన పండు, మామూలుగా తినే నాలుగు ముక్కల వల్ల కడుపు పోతుందనడానికి ఆధారం లేదు. పచ్చికాయ మాత్రం గర్భిణులే కాదు, ఎవరూ తినకూడదు. కడుపులో తిప్పుతుంది, విరేచనాలవుతాయి. నాలుక చురుక్కుమనిపించే బ్రోమెలైన్ కాడలో ఎక్కువుంటుంది, నడిమి గట్టి భాగం తీసేసి పెట్టాలి. షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడిగి తినాలి. విటమిన్ సి కోసమే అయితే పైనాపిల్ కన్నా జామ ఎన్నో రెట్లు మేలని కూడా నేనే చెబుతాను. పైనాపిల్‌ను లేని గొప్పలతో అమ్మాల్సిన పని లేదు.

ఇంత ఎండ ప్రాంతంలో ఇదంతా అవుతుందా అనే అనుమానం ఉన్నవాళ్లకు ఆగ్రా గుర్తుచేస్తాను. అక్కడి మే నెల మనకేమీ తీసిపోదు. పోర్చుగీసులు ఈ పండును మన దేశానికి తెచ్చిన కొన్ని దశాబ్దాలకే, యమున ఒడ్డున గుల్ అఫ్షాన్ తోటలో ఏటా వేల పండ్లు కాస్తున్నాయని జహంగీర్ చక్రవర్తి తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. ఆ తోట నీడ, నీళ్లు, మనుషుల చేయి ఉన్న తోట. వాటిలో ఏదీ మన పెరటికి అందనిది కాదు.

ప్రభుత్వానికి నా విన్నపం చిన్నదే. 2015 జూలైలో హరితహారం మొదలైంది, ఇప్పుడు వన మహోత్సవం అంటున్నారు. పేరేదైనా పంచాయతీకో నర్సరీ ఏర్పడింది. వానాకాలం రాగానే ఇంటింటికీ జామ, నిమ్మ, కరివేపాకు మొక్కలు ఇస్తున్నారు. వాటిలో సగం కోతుల పాలవుతున్నాయి. వాటితో పాటు ఒక పైనాపిల్ మొక్క ఇవ్వండి. కుచ్చులు బజారులో ఊరికే దొరుకుతున్నాయి, పెంచడానికి ఒక సంచి, పిడికెడు ఎరువు చాలు. అంగన్‌వాడీ పోషణ వాటికల్లో, బడి ఆవరణల్లో రెండేసి పెట్టించండి. ఒక పండు కాశాక మొదట్లోంచి పిలకలొస్తాయి. అవి పక్కింటికి పోతాయి, ఇక నర్సరీతో పని ఉండదు. మంచి రకం కావాలంటే సీతంపేట గిరిజనుల దగ్గర పిలకలు కొనండి, వాళ్లకూ నాలుగు రూపాయలు మిగులుతాయి.

రైతన్నలకు ఒక మాట. ఒప్పంద కాగితం మీద సంతకం పెట్టమని ఎవరు వచ్చినా, ముందు మీ చేనులో మట్టి కొంత, మీ బోరు నీళ్లు ఒక సీసాడు తీసుకొని గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి పోయి రండి. పరీక్షలో ఏం తేలిందో కాగితం మీద రాయించుకున్నాకే ఆ మనిషితో మాట్లాడండి. ఈలోగా బజారులో పైనాపిల్ కొంటే కుచ్చు విరిచి పారేయనివ్వకండి. అడిగి ఇంటికి తెచ్చుకొని, తొలకరి పడ్డాక ఒక పాత బకెట్‌లో నాటండి.