ఎండకు లేని పట్టింపు మనకెందుకు?

పోయిన వైశాఖంలో చేజర్లలో మా చుట్టాలింట పెళ్ళి. అమెరికాలో పుట్టి పెరిగిన మా చెల్లెలి కూతురు వదులైన నూలు ప్యాంటు, మోచేతుల దాకా చేతులున్న చొక్కా వేసుకుని కారు దిగింది. ఒళ్ళు కప్పే బట్టలే. అయినా అరుగు మీద లుంగీ మోకాళ్ళపైకి ఎగగట్టి, ఒంటిమీద బనీను కూడా లేకుండా విసురుకుంటున్న మా మామయ్య వరసాయన, "ఇది పల్లెటూరు తల్లీ, పద్ధతిగా ఉండాల" అన్నాడు.

అంతే, ఆడవాళ్ళమంతా హడావిడి పడ్డాం. నేనూ పడ్డాను, దాపరికమెందుకు! వెంకటగిరి నూలు చీర కట్టినా బాగుండేది. "పెళ్ళికి నూలు చీరా?" అన్నారు. పాలియెస్టరు లంగా, పట్టుచీర, బిగుతు రవిక వేయించాం. మధ్యాహ్నానికి పిల్ల కళ్ళు తిరిగి కూలబడింది. మజ్జిగ తాగి తేరుకున్నాక, "పెద్దమ్మా, ఆ తాతయ్యకు ఎవరూ ఏమీ చెప్పరా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఎండ దేశంలో నిండుగా కట్టుకోవడమే మేలంటారు. నేనూ కాదనను. ఉదయగిరి, ఆత్మకూరు వైపు మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొలం పనికెళ్ళే ఆడవాళ్ళను చూడండి. చీర మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా, నెత్తిన తువ్వాలు. మగచొక్కా వేసుకుందని ఆమెను ఎవరూ అనరు. అంటే పని ఆగుతుంది కదా! అదే చొక్కా చుట్టపుచూపుగా వచ్చిన పిల్ల వేసుకుంటే మాత్రం సంప్రదాయం మంట కలుస్తుంది.

పోనీ, ఏది సంప్రదాయం? మనం పద్ధతి అంటున్న ఈ లంగా, ఈ బిగుతు రవిక మన ముత్తవ్వల్లో చాలామంది ఎరగరు. వాళ్ళను పద్ధతి లేనివాళ్ళందామా?

1921 ఏప్రిల్‌లో మన పల్లెపాడు ఆశ్రమాన్ని ప్రారంభించిన గాంధీగారు ఆ సెప్టెంబరులోనే మదురైలో కొల్లాయి కట్టారు. 1931లో ఆ కొల్లాయితోనే లండన్ రాజభవనానికి అతిథిగా వెళ్ళారు. మనం ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటాం. అతిథి మనవాడైతే గర్వం, మనింటికొచ్చిన ఆడపిల్లయితే అప్రతిష్ఠా?

గుడి సంగతి వేరు. తిరుమలలో సేవలకు మగవాళ్ళు పంచె కట్టాలి, లేదా కుర్తా పైజమా వేసుకోవాలి. ఆడవాళ్ళకు చీరో, లంగా ఓణీయో, చున్నీతో చుడీదారో ఉండాలి. నియమం ఇద్దరికీ ఉంది కనుకే దానికి గౌరవం. అరుగు మీది నియమం ఒక్కరికే.

వేసవికి మళ్ళీ పిల్లలొస్తారు. గుడికెళ్ళే రోజు ఏం కట్టుకోవాలో ముందుగానే చెబుదాం. మిగతా రోజులకు వదులైన నూలుబట్ట, నెత్తిన గుడ్డ, చేతిలో మంచినీళ్ళు చాలు. ఇంకా పద్ధతులు చెప్పాలని నోరు దురద పెడితే, ముందు అరుగు దగ్గరికెళ్ళి, "మామయ్యా, ఆ కండువా కాస్త కప్పుకో" అందాం.

ఈసారి నేనే అంటాను. మీరు పక్కన నిలబడండి, చాలు!