ఆ ముద్ద ఊడితే వెళ్లేది ఇంజన్‌లోకే

రామంతాపూర్, హబ్సిగూడ, తార్నాక చుట్టుపక్కల కార్లున్నవారికి, యూనివర్సిటీ పిల్లలకు, నా తోటి మెకానిక్ అన్నదమ్ములకు విజ్ఞప్తి.

మొన్న ఎండాకాలంలో ఒక పాత పెట్రోలు కారును మా షెడ్డుకు తోసుకుంటూ తెచ్చారు. క్యాంపస్‌లో చదువుకునే అబ్బాయిది. ఒక సిలిండర్‌లో కంప్రెషన్ లేదు. హెడ్ దించితే ఇన్‌టేక్ వాల్వు అంచు వంగి ఉంది, సీటు మీద నువ్వుగింజంత గుంట, పిస్టన్ తల మీద మాడిన నల్లటి తునకలు. సిలిండర్లకు గాలి పంచే మేనిఫోల్డ్‌ను తలకిందులుగా పట్టుకుని తడితే బఠానీ గింజంత బూడిదరంగు పెళ్ల అరచేతిలో రాలింది. తుడిచి లైటు కింద పెట్టాను. దాని మీద ఎవరిదో బొటనవేలి గీతలు చక్కగా అచ్చుపడి ఉన్నాయి.

పికప్ పెరుగుతుందని ఎక్కడో వేరే బండి త్రోటిల్ బాడీ బిగించారు. మూతి కుదరలేదు. మేనిఫోల్డ్‌ను లోపల అరగదీశారు, పల్చబడి చిల్లి పడింది. ఆ చిల్లిలో ఎపాక్సీ ముద్ద కలిపి, వేలితో అదిమి, బండి ఇచ్చేశారు. ఆ అబ్బాయి దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. లోపల ముద్ద ఉన్నట్టు అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇంటి మీద నీళ్ల ట్యాంకుకు పగులొస్తే మనమంతా అదే ముద్ద పెడతాం. ఊడితే నీళ్లు కారతాయి, మళ్లీ పెట్టుకుంటాం. ఇన్‌టేక్‌లో అలా కుదరదు. ఎయిర్ ఫిల్టర్ దాటాక వాల్వు దాకా గాలిని వడకట్టేది ఏదీ లేదు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్కో ఇన్‌టేక్ వాల్వు సెకనుకు 25 సార్లు నోరు తెరుస్తుంది. లోపల ఏది ఊడినా అటే లాక్కుపోతుంది. టర్బో బండిలో టర్బోకు ముందు ఊడితే, నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే చక్రానికి తగులుతుంది. త్రోటిల్ రేకు సందులో ఇరుక్కుంటే యాక్సిలరేటర్ వదిలినా బండి వేగం తగ్గదు.

గట్టిగానే అతుక్కుంటుంది కదా అంటారు. చల్లటి బండి మీద అతుక్కుంటుంది. కానీ మేనిఫోల్డ్ లోపల ఎప్పుడూ ఇంజన్ ఆయిల్ ఆవిరి పల్చగా పేరుకుని ఉంటుంది, ఎంత తుడిచినా మూలల్లో పోదు. అల్యూమినియం వేడికి సాగే కొలత వేరు, ఎపాక్సీ సాగే కొలత వేరు. రోజూ కాగి చల్లారుతుంటే అతుకు అంచు నుంచి లేస్తుంది. ఇప్పటి బండ్లకు వచ్చే నైలాన్ మేనిఫోల్డ్‌కైతే అది సరిగ్గా పట్టదు కూడా. పైగా గదిలో ఆరే మామూలు ఎపాక్సీల్లో చాలావరకు 60 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడడం మొదలెడతాయి. మే నెలలో ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో అరగంట నిలబడి వచ్చి, బండి ఆపి బానెట్ ఎత్తి చూడండి. లోపల చెయ్యి పెట్టలేరు. బండి ఆగాక గాలి తగలక ఆ వేడి ఇంకా పెరుగుతుంది.

2025 మార్చి 18న ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్ విమానాశ్రయంలో ఒక చిన్న విమానం దిగబోతూ ఇంజన్ ఆగి కూలింది. పైలట్ స్వల్ప గాయాలతో బయటపడ్డాడు. ఇంజన్‌కు గాలి వెళ్లే వంపు గొట్టాన్ని మార్చి, త్రీడీ ప్రింటర్‌లో చేసిన ప్లాస్టిక్‌ది పెట్టారు. అది వేడికి మెత్తబడి కుంగిపోయింది. కొన్న యజమాని 105 డిగ్రీలు తట్టుకుంటుందనుకున్నాడు. దర్యాప్తులో పరీక్షిస్తే 54 డిగ్రీల దగ్గరే మెత్తబడేదని తేలింది. అది ఎపాక్సీ అతుకు కాదు, కానీ ఎంత వేడికి మెత్తబడుతుందో చూసుకోకుండా పెట్టేయడమనే ఆ పొరపాటే మన షెడ్లలోనూ జరుగుతోంది.

అన్నిటికన్నా నాకు భయం వేసేది బ్రేకు గురించి. పెట్రోలు కార్లలో చాలావాటికి బ్రేకు బూస్టర్ పనిచేయడానికి కావలసిన వ్యాక్యూమ్ మేనిఫోల్డ్ నుంచే వస్తుంది. ఆ హోస్ తగిలించే ప్లాస్టిక్ నిపిల్ విరిగితే ఎపాక్సీతో నిలబెట్టిన బండ్లు నా చేతికి వచ్చాయి. అది నడిరోడ్డులో ఊడితే ఒకటి రెండు తొక్కుళ్లకు బ్రేకు పడుతుంది, తర్వాత పెడల్ రాయిలా అయిపోతుంది. దయచేసి ఆ నిపిల్‌ను అతికించకండి. మీరే ఇంట్లో చూసుకోవచ్చు: ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బండి కదపకండి.

ఎపాక్సీని నేను తక్కువ చేయడం లేదు. బోయింగ్ 787 బరువులో సగం కార్బన్, ఎపాక్సీ లాంటి మిశ్రమాలే. అక్కడ ఎంత వేడికి ఏ రెసిన్ అన్నది లెక్క కట్టి, వేడిలో గట్టిపరచి, పరీక్షించి వాడతారు. ఫార్ములా పోటీలకు కారు కట్టే ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ పిల్లలూ, 20 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్ వెనక మీరు చేసే ప్లీనమ్‌కూ అంత జాగ్రత్తా కావాలి. రెసిన్ డబ్బా మీద ఆరే సమయం ఒక్కటే చూడకండి, ఎంత వేడికి మెత్తబడుతుందో అడగండి. తార్నాక ఐఐసీటీలో పాలిమర్ల మీద పనిచేసే పెద్దలకు నా మనవి: ఒక సాయంత్రం మా షెడ్ల కుర్రాళ్లకు ఈ సంగతి మీరు చెబితే, మేం చెప్పినదానికంటే బాగా నాటుకుంటుంది.

ఉస్తాద్‌లకు నా విన్నపం. అల్యూమినియం పగిలితే ఆర్గాన్ వెల్డింగ్‌కు పంపండి, అంతకుముందు దాని మీద ఎపాక్సీ రుద్దకండి. అది కాలి పొగలేచి వెల్డింగ్‌లో పిన్నుబెజ్జాలు పడతాయి. నైలాన్‌దైతే మార్చడమే దారి. కొత్తది ఖరీదనుకుంటే పాతసామాను దుకాణంలో మంచిది వెతకండి. దారిలో ఆగిపోయి గతిలేక పూయాల్సి వస్తే బయటి వైపే, షెడ్డు చేరేదాకే. ఆ మాట యజమానికి చెప్పి బిల్లు మీద రాయండి. బండి చేతులు మారినా ఆ కాగితం ఉంటుంది. మార్పులు చేయించే యజమానులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకసారి చదువుకోండి, ఇన్సూరెన్స్ కాగితాలు కూడా.

పాత బండి కొన్నవారు, లోపల ఏముందో అనుమానం ఉన్నవారు ఆదివారం పొద్దున్నే బండి తీసుకురండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే త్రోటిల్ మూతి విప్పి టార్చి వేసి చూపిస్తాను. డబ్బులక్కర్లేదు. ఆ వేలిముద్ర పెళ్ల ఇంకా నా బల్ల మీదే ఉంది, అదీ చూద్దురుగాని.