ముఖానికి తగిన మెరుపు

ఫొటో తీయించుకోవడం మన ఇళ్ళలో ఒకప్పుడు పండుగతో సమానం. పెట్టెలో దాచిన పట్టుచీర బయటికి వచ్చేది. పిల్లల తలలకు నూనె పడేది. ఇంటిల్లిపాదీ కలిసి స్టూడియోకు బయలుదేరేవారు. ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమేరా ఉంది. ఐనా స్టూడియోతో అవసరం తీరలేదు. మన నిజామాబాదు ప్రాంతం నుంచి గల్ఫుకు పోయే కుర్రవానికి పాస్‌పోర్టు ఫొటో కావాలి. బీడీలు చుట్టే తల్లికి గుర్తింపు కార్డు ఫొటో కావాలి. సంబంధం చూస్తున్న అమ్మాయికి మంచి ఫొటో కావాలి. ఇంటి పెద్దాయనది ఒక చక్కని ఫొటో తీయించి పెట్టుకోవాలన్న కోరిక, పైకి అనకపోయినా, అందరి మనస్సులోనూ ఉంటుంది.

అందుచేతనే కాబోలు, స్టూడియో పెట్టదలచిన యువకులూ, ఇంట్లోనే ఫొటోలు తీసుకునే ఉత్సాహవంతులూ తరచు ఒకే ప్రశ్న వేస్తుంటారు: "సార్, ఫ్లాష్ లైటు ఎన్ని వాట్లది కొనాలె?" తెలుగు పాఠాలు చెప్పుకునే వానికి దీపాల గొడవ ఎందుకని మీరు నవ్వవచ్చు. వాక్యంలో కర్త ఎవరో తేలందే ముందుకు సాగకపోవడం మాకు అలవాటు. ఫొటోలో కర్త మనిషి ముఖం. దీపం ఆ ముఖానికి విశేషణం మాత్రమే. కాబట్టి శక్తి ఎంత అన్నది తరువాత సంగతి. దీపం ముఖానికి ఎంత పెద్దదిగా కనబడుతోంది, ఎంత దగ్గరగా ఉంది, ఏ పక్క నుంచి వస్తోంది, ఈ మూడూ ముందు తేల్చుకోవాలి.

ఈ మెరుపు కథ చిత్రమైనది. విద్యుద్దీపాలు రాకముందు స్టూడియోలకు సూర్యుడే దిక్కు. కప్పుకు, గోడకు గాజుపలకలు అమర్చి, తెరలు లాగుతూ వెలుతురును అదుపులో పెట్టుకొనేవారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపింది ఆ కాలంలోనే. పరపురుషుల ఎదుటికి రాని స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల వనిత చేతిలో పెట్టాడు. 1887లో జర్మనీలో మీతె, గేడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేటు కలిపి అంటించే మెరుపు పొడిని తయారు చేశారు. భగ్గుమని వెలుగు, గదినిండా పొగ, ఒక్కొక్కప్పుడు చేతులు కాలడం కూడా! 1930 ప్రాంతంలో ఒక్కసారి వెలిగి కాలిపోయే ఫ్లాష్ బల్బులు వచ్చాయి. 1931లో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఇంజనీరు మళ్ళీ మళ్ళీ వెలిగే ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను రూపొందించాడు. నేటి స్టూడియో ఫ్లాషులన్నీ ఆ కుదురువే.

దాని పని తీరు తేలికగానే చెప్పుకోవచ్చు. కెపాసిటర్ అనే కుండలో విద్యుత్తును కొద్దికొద్దిగా నింపుతుంది. మీట నొక్కగానే కుండ ఒక్కసారి బోర్లాపడి, క్సెనాన్ వాయువు నింపిన గాజు గొట్టంలో నుంచి మెరుపై పోతుంది. అది వెలిగేది సెకనులో వెయ్యోవంతు, లేదా అంతకన్నా తక్కువ కాలం. మసక మండపంలో దోసిలి నుంచి జారుతున్న తలంబ్రాలు గాలిలో గింజగింజగా నిలిచి కనబడటం ఈ క్షణికమైన మెరుపు చలవే.

ఇక ఎంపిక సంగతి. బజారులో మూడు రకాలు దొరుకుతాయి. కెమేరా నెత్తిన కూర్చునే చిన్న స్పీడ్‌లైటు ఒకటి. కాలుమీద నిలబెట్టే స్టూడియో ఫ్లాష్ ఒకటి. ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఎల్.ఇ.డి. దీపం ఒకటి. ఎల్.ఇ.డి.లో వెలుగు ఎట్లా పడుతోందో కంటికి ముందే కనబడుతుంది కనుక నేర్చుకునే వారికి సుఖం. వీడియోకు అదే కావాలి. కాని కుదురుగా కూర్చోని చంటిపిల్లవాణ్ణి పట్టుకోవడానికి ఫ్లాష్‌కు ఉన్న చురుకుదనం దానికి లేదు. ఊళ్ళు తిరిగి పెళ్ళిళ్ళు తీసేవారికి స్పీడ్‌లైటు చాలు. ఒకచోట స్థిరంగా పని చేసేవారికి స్టూడియో ఫ్లాష్ మేలు. గొట్టం పక్కనే చిన్న దీపం ఒకటి వెలుగుతూ, నీడ ఎటు పడుతుందో ముందుగానే చూపిస్తుంది.

స్టూడియో ఫ్లాష్ శక్తిని వాట్-సెకండ్లలో చెబుతారు. 200 వాట్-సెకండ్ల దీపం బదులు 400ది కొంటే వెలుగు రెట్టింపవుతుంది. ఎపర్చరు లెక్కలో అది ఒక్క మెట్టు మాత్రమే. అదే మెట్టు కెమేరాలో ఐ.ఎస్.ఓ.ను 100 నుంచి 200కు మార్చితే పైసా ఖర్చు లేకుండా వస్తుంది! ఒకరిద్దరిని గదిలో కూర్చోబెట్టి తీయడానికి 200 ధారాళంగా సరిపోతుంది. పాతికమంది గ్రూపు తీసేవారు 400, 600ల వైపు చూడవచ్చు. స్పీడ్‌లైటుకు గైడ్ నంబరు అని ఒక అంకె ఉంటుంది. దాన్ని దూరంతో భాగిస్తే ఎపర్చరు వస్తుంది. ఐ.ఎస్.ఓ. 100 వద్ద గైడ్ నంబరు 36 అయితే, నాలుగున్నర మీటర్ల దూరానికి ఎఫ్ 8 పెట్టాలి.

డబ్బు పరిమితంగా ఉన్నవారికి నా సలహా ఒకటే. ఒక్క దీపం కొనండి. మిగిలిన డబ్బుతో మీటరు వెడల్పున్న తెల్ల గొడుగో, సాఫ్ట్‌బాక్సో, గట్టి స్టాండో కొనండి. చిన్న దీపం నేరుగా ముఖాన కొడితే ముక్కు నీడ చెంపమీద కత్తితో గీసినట్లు పడుతుంది, నుదుటి చెమట తళుక్కుమంటుంది. అదే వెలుగు గొడుగు గుండా వస్తే నీడ అంచులు మెత్తబడతాయి. ఎండాకాలపు మిట్టమధ్యాహ్నానికీ, మృగశిర దాటాక మబ్బు పట్టిన ఉదయానికీ ఉన్న తేడా ఇదే. సూర్యుడు ఎంత పెద్దవాడైనా చాలా దూరాన ఉన్నాడు కనుక మనకు చిన్న దీపమే. మబ్బు ఆకాశమంతా పరుచుకున్న గొడుగు.

ఆ గొడుగును కంటికన్న కొంచెం ఎత్తున, ఒక పక్కగా, సుమారు 45 డిగ్రీల కోణంలో నిలపండి. గొడుగు మీటరుదైతే ముఖానికి మీటరు, మీటరున్నర దూరంలోనే ఉంచండి. రెండో పక్క తెల్లని థర్మోకోల్ పలకో, ఉతికిన ధోవతో పెట్టండి. నీడలోని చెంపకు అది కాస్త వెలుగు తిప్పి పంపుతుంది. గదిలోని ట్యూబులైట్లు ఆర్పండి, లేకపోతే రెండు రంగుల వెలుగు కలిసి ముఖం పసుపో పచ్చో తెలియకుండా పోతుంది. షట్టరు 125వ వంతుకు పెట్టండి. చాలా కెమేరాలలో 200వ వంతో, 250వ వంతో దాటితే షట్టరు తెర అడ్డుపడి ఫొటోలో నల్లని పట్టీ వస్తుంది.

పాస్‌పోర్టు ఫొటోకు పద్ధతి వేరు. అక్కడ అందం కన్న పోలిక ముఖ్యం. రెండు పక్కలా సమానంగా రెండు దీపాలు పెట్టి, మనిషిని తెల్లగోడకు మీటరు పైగా ఎడంగా కూర్చోబెడితే చెవుల వెనక నీడ పడదు.

గ్రూపు ఫొటో దగ్గరికి వస్తే దూరం లెక్క తప్పక తెలియాలి. దీపానికి దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. బోధను శక్కర్‌నగర్‌లో 1930ల చివర మొదలైన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ పనిచేసినవారి కుటుంబాలకు ఆ రోజుల గుర్తుగా మిగిలేది ఏమిటి? పదవీ విరమణ నాడు దండలు వేసి తీసిన గ్రూపు ఫొటో లాంటిదే కదా. అటువంటి ఫొటోలో కుర్చీలలోని అధికారులు తెల్లగా వెలిగి, వెనక వరుసలో నిలబడ్డ కార్మికులు చీకట్లో కలిసిపోతే, రేపు మనుమడు తాతను ఎట్లా గుర్తుపడతాడు? దీపం ముందు వరుసకు మీటరున్నర, వెనక వరుసకు 3 మీటర్లు ఉంటే వెనకవారికి పడేది నాలుగో వంతే. దీపాన్ని వెనక్కు జరిపి 4 మీటర్లు, ఐదున్నర మీటర్లు చేయండి. తేడా రెండింతల లోపుకు తగ్గుతుంది. పెద్ద దీపానికి పెట్టిన డబ్బు సార్థకమయ్యేది ఇక్కడే. దాన్ని ఎత్తుగా నిలిపితే ముందువారి నీడ వెనకవారి మీద పడదు.

అన్నిటికన్న ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. స్టూడియోలో కుర్చీలో కూర్చోగానే మనవాళ్ళ నోట వచ్చే మొదటి మాట: "అన్నా, ముఖం జర తెల్లగ రావాలె." అడిగినదే తడవుగా ఫ్లాష్ పెంచి, ఆపైన కంప్యూటరులో ఇంకొంత తోమి, చామనఛాయ పిల్లను సున్నం కొట్టిన గోడ చేసి ఇస్తారు. నుదుటి బొట్టు రంగు మారుతుంది, జరీ అంచు తెల్లని మరకవుతుంది, కనుబొమల మధ్య ఉన్న తెలివి ఎటో పోతుంది. ఈ పక్షపాతం మన ఒక్కరిదే కాదు. కోడక్ కంపెనీ రంగులు సరిచూసుకోవడానికి ప్రయోగశాలలకు పంపిన నమూనా కార్డులపై చాలా ఏళ్ళు తెల్లజాతి స్త్రీ చిత్రమే ఉండేది. 'షర్లీ కార్డు' అని దానికి పేరు. అన్ని రంగుల వారికీ ఆ కార్డుపై చోటు దొరికేసరికి 1990లు వచ్చాయి.

నల్లని మేనికి ఎక్కువ వెలుగు గుమ్మరించడం కన్న పెద్ద వెలుగు పక్కనుంచి ఇవ్వడం మేలు. గొడుగు కాంతి దవడ వెంట, చెంప ఎముక మీద మెత్తని మెరుపుగా నిలుస్తుంది. ఆ మెరుపే ముఖానికి ఆకారం ఇస్తుంది. తెల్లధోవతి, తెల్లచొక్కా వేసుకున్న రైతును తీసేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. కెమేరా తనంతట తాను లెక్క కడితే బట్టల తెలుపును చూసి బెదిరి వెలుగు తగ్గిస్తుంది, ముఖం బొగ్గవుతుంది. ఎక్స్‌పోజరు చేత్తో పెట్టి, ముఖాన్ని చూసి సరిచేసుకోండి. చెరుకు తోటలో మధ్యాహ్నం తీయవలసివస్తే ఫ్లాష్ వద్దనుకోకండి. తలపాగా కింద కళ్ళు గుంటలుగా కనబడే వేళ, సన్నని ఫ్లాష్ వెలుగు ఆ కళ్ళను తిరిగి తెచ్చిస్తుంది.

జాగ్రత్తలు రెండే. ఫ్లాష్ ఆర్పిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. చెడిపోతే మరమ్మతు తెలిసినవారికే ఇవ్వండి, ఇంట్లో విప్పకండి. స్టాండు కాళ్ళమీద ఇసుక సంచి వేయడం మరవకండి. పిల్లలున్న చోట గొడుగు ఎప్పుడైనా పడవచ్చు.

కొనబోయే ముందు ఒక పరీక్ష చేసి చూడండి. రేపు ఉదయం ఇంట్లోని పెద్దవారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, సన్నని తెల్లబట్ట అడ్డం కట్టి, వెలుగు ముఖంమీద ఎట్లా జారుతోందో తాపీగా గమనించండి. స్టూడియోలో మనం డబ్బు పోసి కొనుక్కునే దీపం, గొడుగు, ఆ కిటికీకి నకలే. నీడ ఎటు పడితే అమ్మమ్మ ముఖంలోని ముడుతలు అందంగా ఉన్నాయో మీ కంటికి తెలిసిన రోజున, ఎన్ని వాట్లది కొనాలో ఎవరినీ అడగనక్కరలేదు.