ఫోటో ఎలా పడుతుందో మన పిల్లలకు తెలుసా?



మీ ఫోన్‌లో ఎన్ని ఫోటోలు ఉన్నాయో ఒకసారి చూడండి. వేలల్లోనే ఉంటాయి. అందులో సగం పిల్లలు తీసినవే అయ్యుంటాయి. ఇప్పుడు వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "అసలు ఫోటో ఎలా పడుతుంది?" "బటన్ నొక్కితే పడుతుంది" అంటే కంగారు పడకండి. మా ఏడో తరగతిలో మొదట వచ్చిన జవాబు కూడా అదే.

అందుకే గత నెల పిన్‌హోల్ కెమెరా చేసి తెమ్మన్నాను. చాలా అందమైన కెమెరాలు వచ్చాయి. మెరుపు కాగితాలు, ప్రింట్ తీసిన పేర్లు. "ఇందులోంచి ఏం చూశావు?" అని అడిగితే మాత్రం చాలామంది పక్కవాళ్ల వైపు చూశారు. రెండు కెమెరాలకైతే రంధ్రమే లేదు. ఒక అమ్మాయి మాత్రం నూనె మరకలున్న మిఠాయి డబ్బా తెచ్చింది. "మేడమ్, ఇందులో మా బాల్కనీ తలకిందులుగా కనిపిస్తోంది, ఎందుకు?" అంది. ఆ రోజు క్లాసంతా ఆ ప్రశ్న మీదే నడిచింది.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మా అబ్బాయి ప్రాజెక్ట్‌ను రాత్రి పదకొండింటికి నేనే కూర్చుని అంటించిన రోజులున్నాయి. మార్కులు వాడికి వచ్చాయి, నేర్చుకున్నది మాత్రం నేను.

నా విన్నపం ఒక్కటే. ఈ ఆదివారం పిల్లలతో కలిసి ఒక గది చీకటి చేయండి. కిటికీని నల్ల చార్టుతోనో అట్టతోనో పూర్తిగా మూసి, మధ్యలో చిటికెన వేలు పట్టేంత రంధ్రం చేయండి. లైట్లు ఆపి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా పది నిమిషాలు ఆగండి. మణికొండలో కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంటే కనిపిస్తుందని బాధపడతాం కదా, ఈ ప్రయోగానికి కావలసింది అదే. దాని మీద ఎండ పడుతుండాలి. మీ కిటికీ తూర్పు వైపు ఉంటే మధ్యాహ్నం తర్వాత, పడమర వైపు ఉంటే ఉదయం చేయండి. రంధ్రంలోంచి సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని పిల్లలకు ముందే చెప్పండి.

ఎదురు భవనం రంగులతో సహా మీ గోడ మీద తలకిందులుగా పడుతుంది. వెలుగు సూటిగా ప్రయాణిస్తుంది కాబట్టి, భవనం పైభాగం నుంచి వచ్చిన కిరణం రంధ్రం దాటి గోడ కింది భాగాన్ని తాకుతుంది. కింది నుంచి వచ్చింది పైకి చేరుతుంది. రంధ్రం చిన్నదైతే బొమ్మ స్పష్టంగా, కానీ మసక వెలుతురులో ఉంటుంది. పెద్దదైతే వెలుతురు పెరుగుతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. ఈ చిక్కు తీర్చడానికే కెమెరాలో లెన్స్ పెట్టారు. అది ఎక్కువ వెలుగును తీసుకుని ఒకచోటికి చేరుస్తుంది.

చీకటి గదిలో బొమ్మ పడుతుందని మనుషులకు ఎప్పటినుంచో తెలుసు. 11వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ హైతమ్ అనే శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. హంపీ విరూపాక్షాలయంలో గోడ మీద తలకిందులుగా పడే గాలిగోపురం నీడను మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ బొమ్మను నిలిపి ఉంచడమెలాగో మాత్రం చాలాకాలం తెలియలేదు. ఫ్రాన్స్‌లో నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన కిటికీలోంచి కనిపించే దృశ్యాన్ని లోహపు పలక మీద నిలిపాడు. అందుకు గంటల తరబడి వెలుగు కావలసి వచ్చింది. 1839లో డాగ్యుర్ పద్ధతి లోకానికి వెల్లడైంది. వెలుగు తగిలితే మారిపోయే వెండి సమ్మేళనాలే అందులోని కీలకం. ఇంగ్లండ్‌లో టాల్బాట్ ఒక నెగెటివ్ నుంచి ఎన్ని ప్రింట్లయినా తీసే దారి చూపాడు. మన చిన్నప్పటి 36 ఫోటోల రీలు ఆ దారిలో వచ్చిందే. ఇప్పటి ఫోన్‌లో వెండి స్థానంలో సిలికాన్ సెన్సర్ ఉంది. అది వెలుగును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. చీకటి పెట్టె, రంధ్రం, లెన్స్ మాత్రం అప్పటివే.

"ఇవన్నీ ఐఐటీకి పనికొస్తాయా మేడమ్?" అని ఒక తండ్రి అడిగారు. ఆయనకు మన హైదరాబాద్ కథే చెప్పాను. లాలా దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలోని థామసన్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివారు. నేటి ఐఐటీ రూర్కీ అదే. ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టారు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు, రాజా బిరుదు పొందారు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో వేరే స్టూడియో పెట్టి, అక్కడ ఫోటోలు తీయడానికి ఒక మహిళను నియమించారు. వెలుగు ఎంతుంది, లెన్స్ ఎంతసేపు తెరవాలి అన్న లెక్క ప్రతి గాజు పలకకూ ఆయనే వేసుకోవాలి. ఆ పలకలు 2,800కు పైగా ఇవాళ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

వెలుగు పాఠాలు పరీక్షల్లోనూ వస్తాయి, మార్కులూ తెస్తాయి. అయితే సూత్రం బట్టీపట్టిన పిల్లవాడికి, సొంత గోడ మీద ఎదురు భవనాన్ని తలకిందులుగా చూసిన పిల్లవాడికి తేడా ఉంటుంది. రెండోవాడు పుస్తకంలో బొమ్మ మారినా తడబడడు. ఇంకో ప్రశ్న అడుగుతాడు కూడా.

కాబట్టి ఈసారి అట్ట పిల్లల్నే కోయనివ్వండి. వంకరగా కోస్తే కోయనివ్వండి. వెలుతురు లోపలికి వస్తుంటే ఎక్కడినుంచో వాళ్లే వెతుక్కుంటారు. గోడ మీద ఏం కనిపించిందో పెన్సిల్‌తో గీసి సోమవారం క్లాసుకు తెమ్మనండి. దీనికి మార్కులు లేవు. మీరూ ఆ పది నిమిషాలు ఫోన్ బయట పెట్టి, చీకట్లో వాళ్ల పక్కన కూర్చోండి.

- ఫిజిక్స్ టీచర్, మణికొండ బ్రాంచ్