శివారు కుళాయి

కుళాయి పాతినంతమాత్రమున నీరిచ్చినట్లు కాదు. ఈ చిన్న సత్యమును అధికారులు తరచుగా విస్మరించుచుండుటచేతనే మేమీ నాలుగు మాటలు వ్రాయవలసివచ్చినది.

2019 ఆగస్టు 15వ తేదీని జలజీవన్ మిషన్ ప్రకటింపబడునాటికి దేశమునందలి గ్రామీణ కుటుంబములలో కుళాయి గలవి 3 కోట్ల 23 లక్షలు మాత్రమే. పదునైదు కోట్ల కుటుంబములకు నీటివసతి కల్పింపబడినదని 2025 ఫిబ్రవరి బడ్జెటు ప్రసంగమున కేంద్ర ఆర్థికమంత్రి చెప్పి, పథకమును 2028 వరకు పొడిగించిరి. తెలంగాణమున 2016లోనే మిషన్ భగీరథ ఆరంభమైనది. ఇవి సామాన్యకార్యములు కావు. చేసిన మేలును కాదనుట మా యుద్దేశము కాదు. కాని యిది కుళాయిల లెక్క. తలకు దినమునకు 55 లీటర్లని మిషన్‌వారే నియమించిరి. ఆ 55 లీటర్లు కడపటి యింటికి చేరుచున్నవా? ఇదియే మా ప్రశ్న.

శివారన నేమో డెల్టా రైతు నడుగుడు. కాలువ తలనున్నవాని మడి నిండును. శివారువాని మడి యెండును. గొట్టమునకును ఇదియే ధర్మము. ఊరు పెరుగును, క్రొత్తపేట వెలయును. అంతట పాత గొట్టమునకు సన్నగొట్టమొకటి, దాని కొనకు మరియొకటి తగిలించి దానికి ‘విస్తరణ’ యని పేరు పెట్టుదురు. శాస్త్రమేమనుచున్నది? పారు నీరు అంతయే యుండగా గొట్టపు వ్యాసము సగమైనచో, ఒరిపిడివలన నశించు పీడనము సుమారు 30 రెట్లగును. ఒంటి అంతస్తు యింటివద్ద 7 మీటర్లు, రెండంతస్తుల యింటివద్ద 12 మీటర్ల యెత్తునకు నీటి నెక్కించు పీడనముండవలెనని 1999 నాటి కేంద్ర మాన్యువల్ విధించినది. విధి గ్రంథమున నున్నది. శివారువీధిలో బిందెలవరుస యున్నది!

పీడనము లేనిచోట కలవారు గొట్టమునకే మోటారు బిగింతురు. లేనివాని కుళాయి మరింత యెండును. ఖాళీయైన గొట్టము పగుళ్ల వెంట మురుగునీటిని లోనికి పీల్చును. అట్లు రోగము సయితము కుళాయిద్వారముననే యింట ప్రవేశించును. మోటారువానిని దండించుట న్యాయమే. కాని వానికా యవకాశమిచ్చిన లెక్కలేని పనిని దండించువారెవరు?

నాటి నెల్లూరుజిల్లాలో ఫ్లోరైడు రోగమును వైద్యశాస్త్రజ్ఞులు 1937లోనే లోకమునకు తెలిపిరి. నల్లగొండ గోడు ఎల్లరెరిగినదే. మూత్రపిండరోగము ప్రబలిన ఉద్దానమునకు హిరమండలము జలాశయమునుండి నీరు తెచ్చు పథకము 2023 డిసెంబరున ప్రారంభమైనది. ఇట్టి తావులందు కుళాయి యెండిన దినమున జనులు మరల పాత బోరునే యాశ్రయింతురు. అచట సన్నగొట్టము అసౌకర్యము కాదు, అపాయము.

పెద్దగొట్టమునకు వ్యయమధికమందురు. గొయ్యి త్రవ్వు కూలి రెంటికిని ఇంచుమించు సమానమే. నేడు సన్నది వేసి, పదేండ్లకు మరల అదే వీధిని త్రవ్వుట పొదుపా? నేడు మిగిలిన రూపాయి శివారు యిల్లాలి బిందెనుండి తీసినదే.

కావున మా కోరికలు స్పష్టము. రూపకల్పన తలనుండిగాక శివారునుండి ఆరంభింపవలెను. రానున్న 30 ఏండ్ల జనసంఖ్యను, వెలయనున్న పేటలను లెక్కింపవలెను. మొండికొనలను వీలైనచోటనెల్ల ఒకదానితోనొకటి కలిపి, నీరు రెండుదిక్కులనుండి వచ్చునట్లు చేయవలెను. పొడిగింపునకు ముందును పిదపను కడపటి కుళాయివద్ద పీడనమును కొలిచి, ఫలితమును పంచాయతీ గోడపై అంటింపవలెను. అది చాలనంతవరకు గుత్తదారుని బిల్లు చెల్లింపరాదు.

ఇది భిక్ష కాదు. నిర్మలమైన నీరు జీవించుహక్కులోని భాగమని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పినది. 1992 నాటి 73వ రాజ్యాంగసవరణ త్రాగునీటిని పంచాయతీల విషయములలో చేర్చినది. అయినను గొట్టముల పటమును పరచి ప్రజల కభిప్రాయమడిగిన గ్రామసభ లెన్ని?

పఠనాలయములందీ పత్రికను చదువు సోదరులారా! మీ పట్టణపు కుళాయి ధారాళముగా నుండవచ్చును. ఒకనాటి యుదయమున శివారుపేటకు నడచి, అచటి కడపటి కుళాయిని త్రిప్పి చూడుడు. అది పలుకకున్న, వచ్చు సభలో మీరు పలుకుడు. శివారు తడియనిదే ఊరికి నీరు వచ్చినదని మేమొప్పుకొనజాలము.